బిల్లు ఎవరి పేర?

(స్త్రీల ఆస్తి హక్కులపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు అనగానే మనం భూమి గురించి, ఇంటి గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ మనం పనిచేసే బస్తీల్లో, పల్లెల్లో చాలామంది స్త్రీల పేర భూమీ లేదు, ఇల్లూ లేదు. తమ చేత్తో తాము కొనుక్కోగలిగిన ఆస్తి ఏదైనా ఉంటే అది కాసో, అరకాసో బంగారం. ఈ రోజు నేను ఆ చిన్న బంగారు నాణెం గురించి, దాన్ని కొనబోయిన స్త్రీని దుకాణంలో అడిగే గుర్తింపు కాగితాల గురించి మాట్లాడదలచుకున్నాను. ఇది డబ్బున్నవాళ్ళ గొడవ అని మీలో కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా విని అప్పుడు చెప్పండి.

ముందు నా అనుభవం చెబుతాను. 2025 చివర్లో నా జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో మూడు కాసుల బంగారం, అంటే 24 గ్రాములు, నాణేలుగా కొందామని హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్ళాను. విలువ రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ నంబరు అడిగారు. అది చట్టం అడిగేదే, ఇచ్చాను. తర్వాత ఆధార్ కూడా అడిగారు. నా పాన్ కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంది. పెళ్ళయిన తెలుగు స్త్రీలలో ఎంతమందిది ఇదే పరిస్థితో మీకు తెలుసు. పేర్లు కలవలేదు కాబట్టి బిల్లు కుదరదన్నారు. వెంటనే పరిష్కారం కూడా వాళ్ళే చెప్పారు: "మీవారి పాన్ నంబరు చెప్పండి మేడం, ఆయన పేర బిల్లు కొట్టేస్తాం. ఏం ఫరక్ పడదు."

డబ్బు నాది. బ్యాంకు ఖాతా నాది. దుకాణానికి వచ్చిన మనిషిని నేను. బిల్లు మాత్రం ఆయన పేర! నేను ఒప్పుకోలేదు. ఇంకో దుకాణానికి వెళ్ళి, గంటసేపు వాదించి, నా పేరునే బిల్లు తీసుకున్నాను. నాకు చదువుంది, వాదించే తీరిక ఉంది, నాణేలు ఆ రోజే కొని తీరాల్సిన అవసరం లేదు. ఇవేవీ లేని స్త్రీ ఏం చేస్తుంది?

మా పరిశోధనలో పరిచయమైన ఒక దర్జీ పని చేసే స్త్రీ ఉంది. చీటీ పాడుకున్న డబ్బుతో అరకాసు నాణెం కొనడానికి వెళ్ళింది. రెండు లక్షల మాట అటుంచండి, దానికి దరిదాపుల్లో కూడా లేని మొత్తం. నగదు ఇచ్చింది. అయినా ఆధార్ అడిగారు. ఆమె ఆధార్ భర్త దగ్గర ఉంది. సరే, ఫోన్ నంబరైనా చెప్పమన్నారు. నంబరు లేకపోతే కంప్యూటరు బిల్లు తీసుకోదట. ఆమెకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, భర్తది. అది కొట్టగానే అతని పేరు వచ్చింది, ఎందుకంటే పెళ్ళికి పుస్తెలు కొన్నది అదే దుకాణంలో. బిల్లు అతని పేర వచ్చింది. సాయంత్రానికి అతని ఫోనుకు మెసేజి వెళ్ళింది.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో మన కార్యకర్తలకు వివరించనక్కరలేదు. వారం తిరక్కుండా అతను నాణేన్ని అదే దుకాణంలో అమ్మేశాడు. బిల్లు మీద పేరు అతనిదే కాబట్టి ఎవరూ ఆమెను అడగలేదు. "నేను దొంగతనంగా కొన్నానట అక్కా, నా కుట్టు డబ్బుతో," అని ఆమె నాతో అన్న మాట నేను మర్చిపోలేను.

ఆమె నగ కాకుండా నాణెమే ఎందుకు కొన్నది? చాలా లెక్క వేసుకునే కొన్నది. నగకు తరుగు, మజూరీ కట్టాలి, అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. నగ ఒంటిమీద కనిపిస్తుంది, కనిపించినదాన్ని కుటుంబం లెక్కలో వేసుకుంటుంది. నాణెం బియ్యం డబ్బాలో ఇమిడిపోతుంది. పిల్ల ఫీజుకో, ఆస్పత్రికో, ఒక్కోసారి ఇల్లు వదిలి బయటపడటానికో అక్కరకొస్తుంది. ఈ తెలివి కొత్తది కాదు. మన అమ్మమ్మల కాసులపేరు ఏమిటి? నాణేలను దండగా గుచ్చుకోవడమే కదా. అవసరం పడితే ఒక కాసు విప్పి అమ్ముకోవచ్చు, మిగతావి మెడలోనే ఉంటాయి. పోపుల డబ్బాలోని నోట్ల గతి ఏమైందో 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు చూశాం. భర్తలకు తెలియకుండా దాచిన డబ్బు ఒక్క రాత్రిలో బయటపడింది. ఆ తర్వాత చాలామంది స్త్రీలు నోటు కంటే బంగారాన్నే నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు రాజ్యం స్త్రీల బంగారాన్ని ఎలా చూసిందో చూద్దాం. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగలు 14 క్యారెట్లకు మించకూడదన్నారు, వేలాది స్వర్ణకారుల బతుకు దెబ్బతింది. 1968 చట్టం సామాన్యులు కడ్డీలు, బిస్కట్ల రూపంలో బంగారం ఉంచుకోకూడదన్నది. నగలు మాత్రం ఉంచుకోవచ్చు. ఆ చట్టం 1990లో రద్దయింది. కానీ దాని వెనక ఉన్న ఆలోచన రద్దు కాలేదు.

1994 మే 11న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక ఆదేశం ఇచ్చింది. సోదాల్లో వివాహితకు 500 గ్రాములు, అవివాహితకు 250, పురుషుడికి 100 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని చెప్పింది. ఇది ఉంచుకోవడానికి గరిష్ఠ పరిమితి అని చాలామంది పొరబడతారు. కాదు, ఇది స్వాధీనానికి సంబంధించిన హద్దు మాత్రమే. ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, స్త్రీ ఎంత బంగారానికి అర్హురాలో ఆమె పెళ్ళి నిర్ణయిస్తోంది. భర్త పోయిన స్త్రీ, విడిపోయిన స్త్రీ ఏ గడిలోకి వస్తుందో ఆ లెక్క చెప్పదు. రెండు, అది నగల గురించే మాట్లాడుతుంది. ఒంటిమీది బంగారం స్త్రీత్వంలో భాగం, పెట్టెలోని నాణెం అనుమానాస్పదం. సంపాదించి, ఆలోచించి, పెట్టుబడి పెట్టే మనిషిగా స్త్రీ ఈ లెక్కలో ఎక్కడా లేదు.

అయితే 2016 డిసెంబరు 1న ప్రభుత్వమే ఇచ్చిన వివరణలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. వెల్లడించిన ఆదాయంతో, వ్యవసాయాదాయంతో, వారసత్వంగా వచ్చిన బంగారమే కాక, ఇంటి ఖర్చుల్లో సహేతుకంగా మిగిల్చిన పొదుపుతో కొన్న బంగారం మీద కూడా పన్ను ఉండదన్నది. స్త్రీ పొదుపును రాజ్యం ఒప్పుకున్న ఆ వాక్యాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి.

ఇక గుర్తింపు నిబంధనలు. 2016 జనవరి 1 నుంచి రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ తప్పనిసరి చేశారు. పాన్ లేనివాళ్ళకు ఫారం 60 అనే వీలు ఇచ్చారు. 2017 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడమే నిషేధించారు. 2017 ఆగస్టులో వర్తకులను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చి, 50,000 దాటితే గుర్తింపు పత్రాలు కావాలన్నారు. అక్టోబరు 6న, పండగ అమ్మకాల ముందు, దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2020 డిసెంబరులో పది లక్షలు, ఆపై నగదు లావాదేవీలకు మళ్ళీ ఆ చట్టాన్ని వర్తింపజేశారు. రెండు లక్షల లోపు నగదు కొనుగోలుకు పాన్, ఆధార్ అక్కరలేదని 2021 జనవరిలో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. అంటే ఆ దర్జీ చెల్లెలిని ఆధార్ అడిగింది చట్టం కాదు, దుకాణం.

మరి వర్తకులు ఎందుకు అడుగుతారు? దాడుల భయం ఒకటి. ఇన్నిసార్లు మారిన నిబంధనల్లో ఏది ఉందో ఏది పోయిందో తెలియక అన్నిటికీ అన్నీ అడగడం ఒకటి. ఫోన్ నంబర్లు ప్రకటనలకు పనికొస్తాయన్నది ఇంకొకటి. దీనికి తోడు ధర పెరిగింది, హద్దు పెరగలేదు. 2016 మొదట్లో రెండు లక్షలకు దాదాపు 75 గ్రాములు వచ్చేవి. 2025లో గ్రాము పదివేలు దాటాక అదే రెండు లక్షలకు 20 గ్రాములు కూడా రాలేదు. సంపన్నుల కోసం గీసిన గీత ఉద్యోగినుల, చిన్న రైతుల దాకా దిగి వచ్చింది.

అయితే గుర్తింపు అడగడమే తప్పని నేను అనడం లేదు. అలా అంటే మనం నల్లడబ్బు పక్షాన నిలబడ్డట్టే. కట్నం బంగారం ఎవరు కొన్నారో కాగితం లేకపోవడం వల్ల ఎన్ని కేసుల్లో మనం ఓడిపోయామో మీకు తెలుసు. హద్దు తప్పించుకోవడానికి బిల్లులు చీల్చి ఇంట్లో ఆడవాళ్ళ పేర రాయించే పద్ధతీ తెలుసు. మగవాళ్ళ డబ్బు దాచడానికి ఆడవాళ్ళ పేరు కావాలి, ఆడవాళ్ళ డబ్బుకు మాత్రం మగవాళ్ళ పేరు కావాలి! మన తగాదా గుర్తింపుతో కాదు. ఎవరి గుర్తింపు అన్నదానితో.

చట్టం మన వైపే ఉంది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమాని. స్త్రీధనం భర్త దగ్గర ఉన్నా అది అతనిది కాదని, అతను దానికి ధర్మకర్త వంటివాడేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా ఆమె స్త్రీధనం కోసం దావా నడపలేడని 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో చెప్పింది. తండ్రిదీ కాదు, భర్తదీ కాదు. ఇంత మాట సుప్రీంకోర్టు చెప్పాక, దుకాణం కౌంటరు దగ్గర "ఏం ఫరక్ పడదు" అనే మాటతో ఆ హక్కు జారిపోకూడదు.

కాబట్టి మన పని ఏమిటి? సంఘాల సమావేశాల్లో ఈ విషయాలు చెప్పండి. కొన్న ప్రతి నాణేనికీ బిల్లు తన పేరునే అడగాలి. బరువు, స్వచ్ఛత, నాణెం కార్డు మీది నంబరు అందులో ఉండాలి. తనకంటూ ఫోన్ లేకపోతే నంబరు ఇవ్వనని చెప్పాలి, ఒత్తిడి చేస్తే నమ్మకమైన స్నేహితురాలి నంబరు ఇవ్వాలి. బిల్లునూ నాణేన్నీ ఒకేచోట పెట్టకూడదు. పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉండేట్టు దిద్దించడానికి మనమే శిబిరాలు పెట్టాలి. తండ్రి పేరు లేకుండా తల్లి పేరుతోనే పాన్ తీసుకునే వీలు, తల్లి ఒంటరిగా పెంచిన పిల్లలకు, 2018 డిసెంబరు నుంచి ఉంది. ఇది కూడా చాలామందికి తెలియదు. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. ఏ మొత్తానికి ఏ కాగితమో ఎప్పటికప్పుడు కనుక్కోండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. ఏ మొత్తానికి ఏ గుర్తింపు కావాలో ప్రతి బంగారు దుకాణంలో తెలుగులో బోర్డు పెట్టాలి. స్త్రీ కొంటున్నప్పుడు భర్త కాగితాలు అడగడాన్ని స్పష్టంగా నిషేధించాలి. సోదాల లెక్కను పెళ్ళితో ముడిపెట్టకుండా, నగతో పాటు చిన్న నాణేన్నీ అందులో చేర్చాలి.

మొన్న ఆ దర్జీ చెల్లెలు మళ్ళీ చీటీ మొదలుపెట్టింది. ఈసారి తన ఆధార్ తన దగ్గరే పెట్టుకుంది, సొంత నంబరు తీసుకుంది. చీటీ చేతికొచ్చిన రోజు తోడు రమ్మని నన్ను అడిగింది. మీ ఊళ్ళో ఇలాంటి స్త్రీ ఎవరైనా అడిగితే, ఆమెతో పాటు కౌంటరు దాకా మీరూ వెళ్ళండి.