సెక్యూరిటీ అప్‌డేట్ పడిన మరునాడు ఇంటర్నెట్ పోతే

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో బకాయి పడిన సభ్యత్వ రుసుముల గురించి మాట్లాడి మీ అందరి చేత విసుగు అనిపించుకోవడం నా వంతుగా వస్తున్నది. ఈసారి కార్యదర్శి గారు దయ తలచి, "మన ఆఫీసు కంప్యూటరు సంగతి నలుగురికీ చెప్పండి, అందరి ఇళ్ళలోనూ ఉండే బాధే కదా" అన్నారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. టెలిఫోను శాఖలో ముప్పై రెండేళ్ళు లైన్ల ఫాల్టులు వెతికి రిటైరైన మనిషిని. అయితే ఫాల్టు స్తంభం మీద ఉన్నా పెట్టెలో ఉన్నా వెతికే పద్ధతి ఒకటేనన్న ధైర్యంతో నిలబడ్డాను.

సంగతి 2023 డిసెంబరు 13, బుధవారం నాటిది. ఒక ట్రస్టు వారు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు మన పిల్లల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పంపాలి. 15వ తేదీ ఆఖరు. ఇంకా పదకొండు మందివి మిగిలి ఉన్నాయి. ఆఫీసులో పని చూసే కుర్రవాడు నాకు ఫోన్ చేసి, "చాచా, నెట్ పోయింది. రాత్రి ఆపేటప్పుడు ఏదో అప్‌డేట్ వేసుకుంది. పొద్దున్నుంచి ఒక్క పేజీ కూడా రావడం లేదు. బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళకు కంప్లెయింట్ ఇచ్చాను, రెండు రోజుల్లో వస్తామన్నారు" అన్నాడు. రెండు రోజులంటే 15వ తేదీయే. నేను వెళ్ళేసరికి బెంచీ మీద ఒక తల్లి, కూతురు కూర్చుని ఉన్నారు. ఆ తల్లి ఆ రోజు కూలి మానుకుని వచ్చింది.

నేను వాణ్ణి మొట్టమొదట అడిగింది ఒక్కటే. "బేటా, నీ ఫోనులో సిమ్ డేటా ఆపి, మన వైఫై మీద ఏదైనా పేజీ తెరువు." తెరిచాడు. వెంటనే వచ్చింది. అంటే వీధిలోని తీగ బాగున్నది, గోడకున్న రౌటరు బాగున్నది, ఫాల్టు మన కంప్యూటరులోనే ఉన్నది. ఈ ఒక్క ప్రశ్న ముందే వేసి ఉంటే బ్రాడ్‌బ్యాండ్ వారికి ఫోన్ చేసే పనే లేదు. మా రోజుల్లో ఫోను మూగబోయిందంటే ముందు స్తంభం మీది డి.పి. పెట్టె దగ్గర పరీక్షించేవాళ్ళం. అక్కడ శబ్దం వస్తే తప్పు ఇంటి వైపు, రాకపోతే ఎక్స్‌ఛేంజీ వైపు. సగానికి కోసి చూడడమన్నమాట. ఇదీ అంతే.

ఇక కంప్యూటరు లోపల మళ్ళీ సగానికి కోయాలి. స్టార్ట్ దగ్గర సి, ఎం, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే నల్లని కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. పిల్లలకు అందరికీ తెలుసు, అడగండి, చూపిస్తారు. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొడితే మన మిషనుకు రౌటరు ఇచ్చిన నంబరు కనబడుతుంది. ఇళ్ళలో చాలావరకు అది 192.168తో మొదలవుతుంది. అలా కాక 169.254తో మొదలైతే, మిషను నంబరు కోసం అడిగి అడిగి, జవాబు రాక తనకు తానే ఒక నంబరు పెట్టుకున్నదని అర్థం. అప్పుడు వైఫై వైపో, దాని డ్రైవరు వైపో చూసుకోవాలి. మాకు 192.168 వచ్చింది. సరే, ఇంతవరకు బాగు.

తర్వాత పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, 8.8.8.8 అని నంబరు కొట్టించాను. అది గూగుల్ వారి సర్వరు నంబరు. నాలుగు జవాబులూ చక్కగా వచ్చాయి. అదే పింగ్ పక్కన నంబరుకు బదులు గూగుల్ పేరు కొడితే, ఆ పేరుగలది దొరకలేదని వచ్చింది. ఇక్కడ నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే ఇది మా పాత 197 ఫాల్టు! పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, 197 తిప్పి పేరు చెబితే ఫోను నంబరు చెప్పేవారు. ఇంటర్నెట్‌లోనూ అలాంటి విచారణ ఒకటి ఉన్నది. దాన్ని డీఎన్ఎస్ అంటారు. మనం పేరు కొడతాం, అది నంబరు తెచ్చి ఇస్తుంది, ఆ నంబరుకు లైను కలుస్తుంది. మన ఆఫీసులో దారి తెరిచే ఉన్నది, 197 మాత్రం పలకడం లేదు.

పలకనివ్వకుండా చేస్తున్నది ఎవరు? డబ్బు పెట్టి మనం వేయించుకున్న యాంటీవైరసు. దానిలో ఫైర్‌వాల్ అనే కాపలాదారు ఉంటాడు. లోపలి నుంచి ఎవరు బయటకు పోతున్నారు, బయటి నుంచి ఎవరు లోపలికి వస్తున్నారు అని చూసుకుంటాడు. అప్‌డేట్ వలన విండోస్ లోపలి భాగాలు కొన్ని మారతాయి. కాపలాదారు దగ్గర ఉన్నది పాత పట్టీ. మారిన మనిషిని గుర్తుపట్టక గేటు దగ్గరే నిలిపేశాడు. ఫైర్‌వాల్‌ను ఆపి చూశాం. పేజీలన్నీ వచ్చేశాయి. ఆ సాయంత్రానికి పదకొండు దరఖాస్తులూ వెళ్ళిపోయాయి. ఆ తల్లి నాకు రెండు చేతులూ జోడించబోతే నేనే సిగ్గుపడ్డాను.

ఇప్పుడు అసలు చెప్పవలసిన మాట. నిరుటి నివేదికలో ఈ మాట రాలేదు, ఈ సభలోనైనా రావాలి. ఐదు నిమిషాలకని ఆపిన ఫైర్‌వాల్‌ను తిరిగి పెట్టడం మరచిపోయాం. నేనూ మరచిపోయాను, కుర్రవాడూ మరచిపోయాడు. మూడు వారాలు, 2024 జనవరి మొదటి వారం దాకా, అలాగే ఉన్నది. ఆ మిషనులో ఏమున్నాయి? మీ ఆధారు కాపీలు, రేషను కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు, నెలనెలా సహాయం పొందే అమ్మల జాబితా. మీరు నమ్మి మా చేతిలో పెట్టిన అమానత్ అది. ఏమీ జరిగిన జాడ లేదు. కాని ఏమీ జరగలేదని నేను నిరూపించి చూపలేను కూడా. అందుకే మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మరి అప్పుడు చేయవలసింది ఏమిటి? ఆ కాపలాదారు పట్టీని సరిచేయడం, అంటే యాంటీవైరసును కూడా అప్‌డేట్ చేయడం. నెట్ వచ్చిన మరుక్షణమే ఆ పని చేసి, ఫైర్‌వాల్‌ను తిరిగి పెట్టి, మళ్ళీ పేజీలు వస్తున్నాయా అని చూడాలి. జనవరిలో మేము చేసినది అదే. పావుగంట పట్టింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంతకంటే పెద్ద ఎత్తున 2008లోనే జరిగింది. ఆ సంవత్సరం జూలై 8, మంగళవారం నాడు మైక్రోసాఫ్ట్ వారు 951748 అనే నంబరుతో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చారు. విండోస్ ఎక్స్‌పీ మీద జోన్‌అలారం అనే ఫైర్‌వాల్ పెట్టుకున్నవారికి అది పడగానే ఇంటర్నెట్ ఆగిపోయింది. ఏం చేయాలని అడిగితే రెండు దారులు చెప్పారు. ఫైర్‌వాల్‌లో ఇంటర్నెట్ కాపలాను 'హై' నుంచి 'మీడియం'కు దించుకోవడం ఒకటి, వచ్చిన అప్‌డేట్‌నే తీసివేయడం రెండోది. తీసివేసినవారికి నెట్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నారు. అయితే వారు తీసివేసినది ఏమిటో చూడండి.

అమెరికాలో డాన్ కామిన్‌స్కీ అనే ఆయన ఆ 2008లోనే, ఈ 197 విచారణలో పెద్ద లోపం ఉన్నదని కనిపెట్టాడు. మిషను విచారణకు ప్రశ్న పంపేటప్పుడు దానికి ఒక చీటీ నంబరు వేస్తుంది. అదే నంబరుతో వచ్చిన జవాబునే నమ్ముతుంది. ఆ చీటీ నంబర్లు మొత్తం 65,536 మాత్రమే. పైగా ప్రశ్నలు ఎక్కువగా ఒకే కిటికీ నుంచి పోయేవి. దొంగ వరుసగా దొంగ జవాబులు కురిపిస్తే, అసలు జవాబు రాకముందే ఒకటి తగలవచ్చు. తగిలితే ఇంకేమున్నది, మీరు బ్యాంకు పేరు కొడితే దొంగ పెట్టిన పేజీ తెరుచుకుంటుంది. పైన పేరు మాత్రం బ్యాంకుదే. ఆ దొంగ ప్రయత్నాన్ని ఆగకుండా మళ్ళీ మళ్ళీ చేసే ఉపాయం ఉన్నదని కామిన్‌స్కీ చూశాడు. చూసి, బజారున పెట్టలేదు. కంపెనీల వారిని పిలిచి నెలల తరబడి రహస్యంగా పనిచేయించాడు. మైక్రోసాఫ్ట్, సిస్కో మొదలైనవారు ఒకే రోజున మందు విడుదల చేశారు. మందు ఏమిటంటే, చీటీ నంబరుతో పాటు కిటికీని కూడా ప్రతిసారీ మార్చడం. దొంగ ఇప్పుడు రెండూ ఊహించాలి. ఆగస్టులో సభలో వివరాలు చెబుతానన్నాడాయన. అయితే జూలై నెలలోనే గుట్టు బయటపడిపోయింది. అంటే నెట్ రావడం లేదని జూలై 9న అప్‌డేట్ తీసేసి అలాగే ఊరుకున్నవాడు, ఆ నెలాఖరుకు తెరిచిన తలుపుతో కూర్చున్నాడన్నమాట. ఫైర్‌వాల్ కంపెనీవారు కొద్ది రోజుల్లోనే సరిచేసిన కొత్త రకం ఇచ్చారు. అంతవరకు కాపలాను మీడియంలో పెట్టుకుని ఆగినవాడికి రెండూ దక్కాయి. పాపం, కామిన్‌స్కీ 2021లో నలభై రెండేళ్ళకే పోయాడు.

కనుక అప్‌డేట్ తీసివేయడం ఆఖరి పనిగా ఉంచుకోండి. ముందు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ వేయడం వేరు, రీస్టార్ట్ వేరు. ఇప్పటి విండోస్‌లో షట్‌డౌన్ చేసినా తొందరగా లేవడానికి సగం విషయం దాచుకుని పడుకుంటుంది, రీస్టార్ట్ అంటేనే పూర్తిగా దులుపుకుని లేస్తుంది. సగంలో ఆగిన అప్‌డేట్లు దానితోనే సర్దుకుంటాయి. రౌటరును అర నిమిషం ఆపి వేయండి. ఏరోప్లేన్ గుర్తు పొరబాటున నొక్కి ఉన్నదేమో చూడండి. నవ్వకండి, మా ఇంట్లోనే రెండుసార్లు అయింది.

తర్వాత ఫోనును చార్జింగు తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. ఫోనులోని నెట్ మిషనుకు అప్పుగా వస్తుంది. దీనిలో రెండు లాభాలు. అప్‌డేట్ వలన చెడినది వైఫై డ్రైవరు అయితే ఇలా నెట్ వచ్చేస్తుంది. దానితో కొత్త డ్రైవరు తెచ్చుకోవచ్చు, లేదా డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవరుకు వెనక్కి పోవచ్చు. ఇలా కలిపినా నెట్ రాలేదంటే, తప్పు చాలావరకు వైఫైది కాదు, లోపలి కాపలాదారుదే. ఫైర్‌వాల్‌ను ఆపి చూడవలసింది అప్పుడు. ఆపినవారే గడియారం చూసుకుని కూర్చోవాలి, మా లాగా కాకుండా.

నెట్‌వర్క్ రీసెట్ అని సెట్టింగ్స్‌లో ఇంకొకటి ఉన్నది. మంచిదే గాని వైఫై పాస్‌వర్డులన్నీ మరచిపోతుంది, ముందే కాగితం మీద రాసుకోండి. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, దాని కింద అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. తీసివేసి, ఒక వారం పాజ్ పెట్టి, ఆ వారం కాగానే మళ్ళీ వేసుకోవాలి. క్యాలెండరు మీద ఆ తేదీకి సున్నా చుట్టండి.

ఇంత పెద్ద కంపెనీల వారు పరీక్షించకుండా ఇస్తారా అని మన అధ్యక్షులవారు నన్ను అడిగారు. పరీక్షించే ఇస్తారండీ, అయినా తప్పుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ వారి యాంటీవైరసు అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ లోని సొంత ఫైలునే వైరసు అనుకుని పట్టుకున్నది. మిషన్లు నెట్ పోగొట్టుకుని, ఆగి ఆగి లేవసాగాయి. నెట్ లేదు కనుక మందును నెట్ ద్వారా పంపే వీలు లేక, ఒక్కొక్క మిషను దగ్గరకు మనిషి నడిచి వెళ్ళవలసి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారి అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు కూలాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. నెట్ పోయిన కంగారులో ఫోను తీసి కస్టమర్ కేర్ నంబరు వెతుకుతాం కదా, అక్కడ దొంగలు నకిలీ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని తామే ఫోన్ చేసేవారూ ఉన్నారు. మీ మిషనును తమ చేతికి ఇచ్చే యాప్ ఏదైనా వేయమన్నారంటే ఫోన్ పెట్టేయండి. నంబరు మీ బిల్లు మీద ఉన్నదే వాడండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం లేకుండా 1930కి చేయండి, అది సైబరు నేరాల నంబరు. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు ఆపడం కష్టం.

ఆఫీసు కంప్యూటరు పక్కన గోడకు ఇప్పుడు ఒక అట్ట అంటించాం. దాని మీద బ్రాడ్‌బ్యాండ్ వారి నంబరు, మన వినియోగదారు సంఖ్య, యాంటీవైరసు గడువు తేదీ ఉన్నాయి. అడుగున ఎర్ర సిరాతో "ఫైర్‌వాల్ ఆపిన వారు పేరు, సమయం రాయవలెను" అని ఉన్నది. నా పేరు దాని మీద రెండుసార్లు ఉన్నది, తిరిగి పెట్టిన సమయంతో సహా.

ప్రతి ఆదివారం అసర్ తర్వాత నేను ఆఫీసులోనే ఉంటాను. ల్యాప్‌టాప్ తెచ్చేవారు చార్జరు కూడా తెండి. పోయినసారి నలుగురు వస్తే ముగ్గురు చార్జరు మరచి వచ్చారు.