కంటిలో సూదిమందు - కనబడు నీడలు



కంటిలోనికి సూది వేయుదురను మాట వినగనే ఎంతటివారికైనను గుండె ఝల్లుమనును. కాని సూది బాధ క్షణకాలమే. దాని వెనుక కనబడు నీడలే మనుష్యుని ఎక్కువ కలవరపెట్టును.

మధుమేహము వలన గాని, వార్ధక్యము వలన గాని, కంటి లోపలి పొరయగు రెటీనాలోని రక్తనాళములు చెడి స్రవించినచో చూపు మసకబారును. 2006లో అమెరికాలో అనుమతి పొందిన రానిబిజుమాబ్, దాని తరువాత వచ్చిన మందులు ఆ స్రావమును అరికట్టుచున్నవి. సాధారణముగ మోతాదు 0.05 మిల్లీలీటరు. నల్లగ్రుడ్డు అంచునకు 3.5 మొదలు 4 మిల్లీమీటర్ల దూరమున, కంటికి మత్తుచుక్కలు వేసి, తెల్లగ్రుడ్డు గుండ ఎక్కింతురు.

మా అక్కగారు మధుమేహరోగి. మొదటి సూది వేయించుకొన్న నాటి రాత్రి ఆమె కంచము ముందు కూర్చుండి, "ఒరే తమ్ముడూ, అన్నంలో ఏదో నల్లపూస పడిందిరా" అనినది. అన్నములో ఏమియు లేదు. ఆమె తల త్రిప్పినప్పుడెల్ల పూసయు కదలుచుండెను. "కన్ను పోయింది. ఇక నేనా గడప తొక్కను" అని ఏడ్చినది.

అది మందుతోపాటు కంటిలోనికి పోయిన చిన్న గాలిబుడగ. బుడగ కంటిలో పైకి తేలును. రెటీనాపై బింబము తలక్రిందులుగ పడును గనుక, అది చూపునకు క్రిందివైపున నల్లని గుండ్రని చుక్కగ కనబడును. సాధారణముగ కొలది దినములలో కరగిపోవును. అక్కగారి పూస మూడవనాటికి మాయమైనది.

సాలెపోగులవలె తేలియాడు నీడలును కొందరికి కనబడును; అవి క్రమముగ తగ్గును, లేదా మనస్సు వానికి అలవాటుపడును. ఇసుక పడినట్లు మండుట సూదికి ముందు కంటిని శుభ్రపరచు అయోడిన్ ద్రవము వలన; ఒకటి రెండు దినములలో తగ్గును. తెల్లగ్రుడ్డుపై ఎర్రని మచ్చ చూచుటకు భయంకరమే గాని చూపునకు హాని చేయదు. ఒకటి రెండు వారములలో మాయును. కన్ను నలుపరాదు. ఆముదము, తల్లిపాలు, తేనె వంటివి వేయరాదు. ఆ దినమున తోడు లేక వెళ్లరాదు, వాహనము నడుపరాదు.

అయితే కొన్ని గుర్తులను ఉపేక్షింపరాదు. నొప్పి, ఎరుపు తగ్గక పెరుగుట, వెలుతురు ఓర్వలేకపోవుట, చూపు తగ్గుట కంటిలో క్రిములు చేరిన సూచనలు కావచ్చును. ఇది అరుదు, సాధారణముగ మొదటి వారములోనే తెలియును. మెరుపులు మెరసినట్లుండుట, నల్లచుక్కలు హఠాత్తుగ జల్లువలె రాలుట, చూపునకు తెర అడ్డుపడుట రెటీనా ఊడుచున్నదనుటకు గుర్తులు కావచ్చును. వీనిలో ఏది కనబడినను ఆనాడే, రాత్రియైనను, వైద్యుని చేరవలెను.

పోవు నీడకు భయపడి చికిత్స మానినవారికి పోని చీకటి మిగులవచ్చును. అక్కగారు ఇప్పటికి అయిదు సూదులు వేయించుకొనిరి. బుడగ కనబడిన నాడు "చుట్టం వచ్చాడు, రెండురోజులుండి పోతాడు" అని నవ్వుచున్నారు. మరల తానే బియ్యములో రాళ్లేరుచున్నారు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. కంటిదీపము విషయమున ఆ మాట మరువకుందుము గాక.