మచ్చు చూపి అంచనా చెప్పుట

(పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



గండిపేట, హిమాయత్ సాగరు జలాశయముల సమీపమున, మొయినాబాదు మొదలు చేవెళ్ల వరకు తోట యిండ్లు అనేకము వెలసినవి. వానిలో ఆరుబయట పలకలు పరచిన కొయ్య అరుగులను బాగుచేయుట మా వృత్తి. ఎండకు కొయ్య పైపొర చెడి బూడిదరంగు తేలును. నీరు నిలిచినచోట బూజు పట్టి పుచ్చిపోవును.

యజమాని “ఎంత అగును?” అని అడిగినపుడు మేము ముందుగా ధర చెప్పము, మచ్చు చూపుదుము. మొదట ఉలిమొనతో పొడిచి చూతుము. మొన దిగినచో ఆ పలకను మార్చవలసినదే. కడిగి ప్రయోజనము లేదు. గట్టిగా నున్నచో, అడుగు మేర మెత్తని కుంచెతో చారల వెంబడి కడిగి, బాగుగా ఆరిన పిదప గరుకు కాగితముతో రుద్ది, అవిసెనూనె పలుచగా పట్టింతుము. నూనె ఆరిన తరువాత నీటిచుక్క వేసినచో, ప్రక్క పలక దానిని పీల్చుకొనును; మచ్చుపై అది పూసవలె నిలుచును. చూచువారికి వేరే సాక్ష్యము అక్కరలేదు.

ఒకసారి మేము నీడపట్టున మచ్చు చూపి, తక్కువ ధరకు ఒప్పుకొంటిమి. ఎండ పడు వైపు పలకలకు రెట్టింపు శ్రమ పట్టినది. ఆ నష్టమును మేమే భరించితిమి. నాటినుండి మిక్కిలి చెడిన చోటనే మచ్చు చూపుచున్నాము.

మీ చావడి తలుపులకును, పంచాయతీ కార్యాలయపు కిటికీలకును ఈ పద్ధతియే తగును. అంచనాను ఆమోదించుటకు ముందు, చెడిన చోటును మీరే చూపి మచ్చు చేయింపుడు. ఒక వాన గడచిన పిదప ధర నిర్ణయింపుడు. గ్రామధనము దక్కును, పనివాని మాటయు నిలుచును.