గ్రాట్యుటీ సొమ్ము – షేరు చార్టు



షేరు చార్టులో 200 రోజుల సగటు గీత ఒకటుంటుంది. మార్కెటు పనిచేసిన గత 200 రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగించడమే. మన గుమాస్తాలకు అలవాటైన లెక్కే. ధర ఆ గీతకు దిగువనుంటే షేరు దిగజారుతున్నదంటారు.

సత్యం కంప్యూటర్స్ షేరు 2008 చివరికే ఆ గీతకు బాగా దిగువన ఉంది. అయినా చవకని కొన్నవారున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ లెక్కలు తప్పని ఒప్పుకున్నారు. సుమారు 179 రూపాయల షేరు ఆ ఒక్కరోజే 40 దగ్గరకు పడింది.

గీత హెచ్చరించింది గాని కారణం చెప్పలేదు. దొంగ లెక్క చార్టుకు కనిపించదు.

నేనూ మరో కంపెనీ షేరు అలాగే చవకని కొని, గ్రాట్యుటీలో సగం పోగొట్టుకున్నాను. గ్రాట్యుటీ రెండోసారి రాదు. పోయినా ఇంటి ఖర్చుకు లోటు రాని సొమ్మే షేర్లలో పెట్టండి.