తాళం చెవి ఎవరి చేతిలో ఉండాలి?



ఈ పూట ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి పక్కన పెట్టి, మన వసారాలో నిలబెట్టుకున్న మోటారు సైకిలు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

రైతు ఇంట ఇవాళ బండి విలాసం కాదు. తెల్లవారి పాలు పోసి రావాలన్నా, ఎరువు బస్తా తేవాలన్నా, చేనికి సద్ది పట్టుకుపోవాలన్నా అదే దిక్కు. పని తొందరలో ఉన్నప్పుడు తండ్రి నోట ఒక మాట వస్తుంది: “ఒరేయ్, నువ్వే బండి వేసుకుని ఓసారి పోయిరారా.” అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడు పొంగిపోతాడు. తండ్రీ లోలోపల మురిసిపోతాడు.

మరి కోడెకు కాడి మరిపేటప్పుడు మనం ఇట్లాగే చేస్తామా? ముందు ఒట్టి కాడి వేస్తాం. పని తెలిసిన ఎద్దు పక్కన కడతాం. మెత్తటి నేలలో నడిపిస్తాం. పాలపళ్లు ఊడని దూడను నిండు బండికి కట్టేవాణ్ణి ఊరంతా నాలుగు మాటలంటుంది. దూడ విషయంలో ఇంత ఆలోచించే మనం కన్నబిడ్డ విషయంలో ఎందుకు తొందరపడుతున్నాం?

బండి బరువు 100 కిలోలకు పైమాట. దానిమీద 45 కిలోల యూరియా బస్తా. కాళ్లు నేలకు సరిగా ఆనని పిల్లవాడు దాన్ని ఒరగకుండా నిలబెట్టగలడా? గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక బండి ఆగటానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇక మన రోడ్ల సంగతి మనకు తెలియనిది కాదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తాం. రాత్రి నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతాం. వెనుక దీపం లేని ట్రాలీని రోడ్డు పక్కనే వదిలేస్తాం. అడ్డం వచ్చే గేదెల మంద సరేసరి.

నేను ఎరిగిన ఒక రైతు ఒకనాడు వేకువన పాలక్యాన్లు తగిలించి కొడుకును పంపాడు. వాడికి పదిహేనేళ్లు. మలుపులో వడ్ల మీద చక్రం జారింది. ప్రాణం దక్కింది గాని కాలు రెండుచోట్ల విరిగింది. పరీక్షలు పోయినై, నాట్లప్పుడు చేసిన అప్పుకు ఆసుపత్రి అప్పు తోడైంది. నేను చూడబోతే, ఆ తండ్రి పిల్లవాణ్ణి ఒక్కమాట అనలేదు. “తాళం ఇచ్చింది నేనే గదండీ” అన్నాడు.

చట్టం చెప్పేదీ ఆ మాటే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు రోడ్డు మీద బండి నడపరాదు. 50 సి.సి. మించని బండికి మాత్రం 16 ఏళ్లు చాలు. దానికీ లైసెన్సు కావాలి. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న పెట్రోలు బళ్లు దాదాపు అన్నీ అంతకు పెద్దవే. “ఊరి డొంకే గదా” అంటారు కొందరు. నలుగురికీ నడిచే హక్కున్న దారి ఏదైనా చట్టానికి రోడ్డే.

2019లో ఈ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. మైనరు బండితో తప్పు చేస్తే తండ్రినో, బండి యజమానినో దోషిగా ఎంచుతారు. మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు పుట్టదు. “నాకు తెలియకుండా తీసుకుపోయాడు” అంటే సరిపోదు, ఆ సంగతి రుజువు చేసుకోవలసింది మనమే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే బీమా కంపెనీ ముందు పరిహారం కట్టినా, ఆ సొమ్ము తిరిగి మన దగ్గర రాబట్టుకోవచ్చు. అంటే ఎకరం చేనుకు ఎసరు వచ్చినట్టే.

అయితే ఏం చేయాలి? తాళం చెవి మేకుకు తగిలించకండి, పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోండి. పాలు పోయటానికి ఇరుగుపొరుగు కలిసి వంతులు వేసుకోండి. పిల్లలకు సైకిలు కొనివ్వండి. రోడ్డు మర్యాద దానిమీదే అలవడుతుంది. 18 నిండగానే లెర్నర్ లైసెన్సు తీయించి, పక్కన ఉండి నేర్పండి. పిల్లల్ని వెనుక కూర్చోబెట్టుకుంటే ఒక్కరినే కూర్చోబెట్టుకోండి. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించండి. మీరూ పెట్టుకోండి, మనం చెప్పింది కాదు, చేసింది చూసి నేర్చుకుంటారు పిల్లలు. వడ్లు రోడ్డు మీద గాక కల్లంలోనే ఆరబోయండి.

రేపు పొద్దున అబ్బాయి తాళం అడుగుతాడు. “ఇంకా నాలుగేళ్లు ఆగరా నాయనా” అని చెప్పండి. ఒక పూట అలుగుతాడు. అలిగిన పిల్లవాడు సాయంత్రానికి అన్నానికి వస్తాడు.