ఘాటుదారిలో జీపు



శృంగవరపుకోటనుండి అనంతగిరి మీదుగా అరకులోయకు ఎక్కు ఘాటుదారిని మీరెఱుగుదురు. సంతనాడు ఆ కొండలలో మనుష్యులును, మూటలును, కోళ్లును ఒక్క జీపులోనే ఎక్కుట కలదు. నడుపువాడు వేఱొకడైనను, బండి జబ్బుల లక్షణములు అందు కూర్చున్న పెద్దలకును తెలిసియుండుట మంచిది.

ఎక్కునపుడు వచ్చు జబ్బు వేడి. బానెట్టు క్రిందనుండి తెల్లగా లేచునది పొగయా, ఆవిరియా యని మొదట విచారింపవలెను. ఆవిరిని చూచి పొగయని భ్రమించి, నిప్పు కలదని ఊహించుట తర్కవిద్యార్థులకు చెప్పు పాత ఉదాహరణమే గదా! తీగెలు కాలిన వాసన వచ్చినచో అందఱును దిగి దూరముగా పోవలెను. తడి ఆవిరియైనచో బండి నాపి, ఇంజనును చల్లారనీయవలెను. రేడియేటరు మూతను వెంటనే విప్పరాదు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడున మరగును. సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులో 97 డిగ్రీలకే మరగును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఆ మరుగును ఆలస్యము చేయును. కాగియుండగా విప్పినచో ఒత్తిడి తగ్గి, నీరు ఒక్కసారిగా మరిగి ముఖముమీదికి చిమ్మును. అరగంటయైనను ఆగి, గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనులో చల్లని వాగునీరు పోసినచో ఇనుము బీటలు వాఱవచ్చును. నీరు చాలినంత యుండియు కాగుచున్నచో, ఫ్యాను బెల్టు తెగెనో, రేడియేటరు సందులలో బురద నిండెనో చూడవలెను.

దిగునపుడు వచ్చు జబ్బు ఇంతకంటె ఘోరమైనది. డీజిలు మిగుల్చుటకై కొందఱు పల్లమున గేరు తీసివైచి, న్యూట్రలులో బండిని జాఱవిడుతురు. గరిటెడు డీజిలుకై పదిమంది ప్రాణములను పణమొడ్డుట నాకు బోధపడదు. గేరులో నున్నంతవఱకు ఇంజనే బండి వేగమును అదుపున పట్టును. గేరు తీసినచో బరువంతయు బ్రేకులమీద పడి, అవి కాగిపోవును. పెడలు గట్టిగానే యుండి బండి మాత్రము ఆగకున్నచో బ్రేకు లైనర్లు కాగినవని తెలియవలెను. పెడలు మెత్తగా అడుగువఱకు దిగినచో బ్రేకు ఆయిలు మరిగి బుడగలు పుట్టియుండును. లేదా ఎక్కడనో కాఱిపోయియుండును. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చును. తేమ పట్టిన పాత ఆయిలు త్వరగా మరగును గనుక, వానలు మెండైన ఈ కొండసీమలో రెండేండ్ల కొకసారియైనను మార్పింపవలెను.

పెడలు దిగిపోయినపుడు మాటిమాటికి తొక్కినచో కొంత పట్టు రావచ్చును. ఒక్కొక్క గేరే తగ్గించుచు, హ్యాండు బ్రేకును మెల్లమెల్లగా లాగుచు, కొండగట్టు వైపునకే బండిని త్రిప్పి ఆపవలెను. అంతవఱకు రాకుండుటకు, పల్లము మొదలుకాకముందే "నాయనా, చిన్న గేరు వేసియే దింపుము" అని మీరు చెప్పుడు. పెద్దల మాటకు డ్రైవరు కుఱ్ఱవాడు విసుగుకొనిన విసుగుకొనుగాక.

వాగు దాటిన జీపునకు మఱియొక చిక్కు కలదు. డ్రమ్ములలో నీరు చేరి బ్రేకులు పట్టవు. ఒకవైపే తడిసినచో బండి ఒక ప్రక్కకు లాగును. ఒడ్డెక్కినపిదప చదునైన చోట మెల్లగా నడుపుచు, పెడలును తేలికగా నొక్కియుంచినచో రాపిడి వేడికి తడి ఆఱును. వాగును దాటగనే పల్లమున్నచో, అందు దిగకమునుపే ఈ పని చేయవలెను.