ఆన్‌లైన్ ఫారంలో గడుల అమరిక

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



రిజిస్టరులో ఒక గడి తప్పుగా గీస్తే ఏడాది పొడుగునా లెక్క తప్పుతుందని మీకు మేము చెప్పనక్కరలేదు. ఇప్పుడు కొన్ని సంఘాలు తమ వెబ్ పేజీలో ఫారం పెట్టి సభ్యుల వివరాలు తీసుకుంటున్నాయి. ఇటుకలు పేర్చినట్లు పేజీ కట్టుకొనే పేజీ బిల్డర్లు వచ్చాయి. ఎలిమెంటార్ ప్రో అటువంటిది. దానిలో ఫారం పెట్టడానికి పెద్ద కంప్యూటరు చదువు అవసరం లేదు. కాని ఏ గడి ఏ రకంగా ఉండాలో నిర్ణయించడానికి సంఘం లెక్క తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి కార్యదర్శే.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో బోనస్ పంపిణీకి ఇటువంటి ఫారం పెట్టారు. బ్యాంకు ఖాతా గడిని 'నంబర్' రకంగా అమర్చారు. వచ్చిన వివరాలను ఎక్సెల్‌లో తెరిచి బ్యాంకుకు పంపారు. రెండు సున్నలతో మొదలయ్యే ఒక సభ్యురాలి ఖాతా సంఖ్యలో ఆ సున్నలు రెండూ ఎగిరిపోయాయి. ఆమె సొమ్ము వెనక్కి వచ్చింది. ఒక్క గేదెతో సంసారం ఈదుతున్న ఆమె నాలుగు నెలలు పాల కేంద్రం చుట్టూ తిరిగింది. పాత రిజిస్టరులో మాత్రం ఆమె సంఖ్య సరిగానే ఉంది! సొమ్ము వెనక్కి రావడం ఒక విధంగా అదృష్టమే. ఆ సంఖ్య మరొకరి ఖాతాదైతే ఏమయ్యేది?

కాబట్టి మొదటి సూత్రం ఇది. కూడికకు, తీసివేతకు పనికివచ్చే వాటికే 'నంబర్' రకం పెట్టాలి. పశువుల సంఖ్య అటువంటిది. దీనికి కనిష్ఠం, గరిష్ఠం కూడా పెట్టవచ్చు. అప్పుడు ఆ హద్దు దాటిన సంఖ్య కొడితే ఫారం ఒప్పుకోదు. ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య, సభ్యత్వ సంఖ్య కూడేవి కావు, అవి గుర్తులు. వీటికి 'టెల్' రకం పెడితే ఫోనులో అంకెల మీటలే వస్తాయి, సున్నలూ నిలుస్తాయి. తరువాత ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడు కూడా ఆ వరుసను 'టెక్స్ట్'గా ఎంచుకోవాలి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే నిలుపుతుంది. 16 అంకెల ఖాతాలో చివరి అంకెను సున్న చేస్తుంది.

ఐ.ఎఫ్.ఎస్.సి. కోడుకు 'టెక్స్ట్' రకమే తగినది. దానిలో 11 గుర్తులు ఉంటాయి. మొదటి 4 అక్షరాలు బ్యాంకువి, ఐదవది సున్న, చివరి 6 శాఖవి. ఆ సున్నకు బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టేవారు చాలామంది. ఆ సంగతి గడి పైనే రాయండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత పాస్‌బుక్కు చూసి పాత కోడు రాయకుండా సభ్యులను హెచ్చరించండి.

రెండవది, ప్రతి గడికి పైన తెలుగులో లేబుల్ ఉండాలి. గడి లోపల లేత రంగులో కనిపించే 'ప్లేస్‌హోల్డర్' మాట, టైపు చేయగానే మాయమవుతుంది. దానిని నమ్ముకొని లేబుల్ తీసివేస్తే సగంలో ఆగిన మనిషికి ఏ గడిలో ఉన్నాడో తెలియదు. గ్రామం, ఆవు, గేదె వంటి వాటికి రాత గడి వద్దు. ఎంచుకొనే జాబితా పెట్టండి. లేకుంటే ఒకే గ్రామం పేరు పది రకాలుగా వస్తుంది.

మూడవది, 'రిక్వైర్డ్' మీట. ఇది నొక్కిన గడిని నింపనిదే ఫారం వెళ్ళదు. ఈ-మెయిల్ లేని రైతును ఈ-మెయిల్ తప్పనిసరి అంటే, ఆయన ఏదో ఒకటి కొట్టి పంపుతాడు. మనమే అబద్ధం రాయించినవారమవుతాము. ఒకే పేరు గలవారు ఊరికి నలుగురుంటారు గనుక సభ్యత్వ సంఖ్యను మాత్రం తప్పనిసరి చేయండి.

నాలుగవది, అక్కరలేనిది అడగవద్దు. ఆధార్ వంటివి పనిలేకుండా సేకరించి, వాటికి కాపలా కాసే భారం నెత్తిన వేసుకోవద్దు. పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అవసరం మేరకే తీసుకొమ్మంటుంది.

చివరిగా ఒక మనవి. ఫారం తెరిచే ముందు ఐదుగురు సభ్యులను పిలిచి వారి ఫోన్లలోనే నింపించండి. సున్నతో మొదలయ్యే ఖాతా గలవారు ఒకరైనా వారిలో ఉండాలి. వచ్చిన వివరాలను పాస్‌బుక్కు పక్కన పెట్టి అంకె అంకె చదవండి. ఆ ఒక్క పూట శ్రమ తప్పించుకుంటే, దాని మూల్యం మనం కాదు, ఉదయం 5 గంటలకు క్యానుతో వచ్చే సభ్యుడు చెల్లిస్తాడు.